నాలుగో సీసా

సకియుసా ఒక దారప్పోగు తీసి ఎడమ ముక్కులో పెట్టి, కుడి ముక్కులోంచి బయటికి లాగాడు. రెండు కొసలూ పట్టుకొని అటూ ఇటూ ఆడించి నా వైపు చూసి నవ్వాడు.

"మా షిఫ్టులో అందరికీ వచ్చు అన్నా ఇది. కొత్తగా చేరినవాడికి మొదటి ఏడు రాదు. రెండో ఏటికి ముక్కులో గోడ దానంతటదే పోతుంది."

అతని భార్య వసితి నవ్వలేదు. మొహం తిప్పుకొని బట్టలు మడతపెడుతోంది.

ముక్కు మధ్య గోడకు చిల్లు పడేది క్రోమ్ వల్ల. డ్రైస్‌డేల్ మిల్లులో కరెంటు స్తంభాలకు చెద పట్టకుండా ఎక్కించే పచ్చమందులో క్రోమ్ ఉంటుంది, రాగి ఉంటుంది, పాషాణం ఉంటుంది. స్తంభాల్లోకి మందు ఎక్కించే పెద్ద సిలిండరు దగ్గర పనిచేసే పదకొండుమంది దాన్ని చేత్తో కలిపి, చేత్తో తోడి, చేత్తో కడిగారు. వాళ్ల వేళ్ల కణుపుల మీద పప్పుగింజంత గుండ్రటి పుళ్లుంటాయి. మందు చిందిన రెండు మూడు రోజులకు అవి లేస్తాయి. వాటిని వాళ్లు 'కళ్లు' అంటారు. ఆ మందు తమ క్రోమోజోముల్ని కూడా విరిచేసిందని, అందుకే తమ ఇళ్లలో కాన్పులు నిలవడం లేదని పదకొండుమందీ కార్మిక ట్రిబ్యునల్‌కి ఎక్కారు. ట్రిబ్యునల్ రక్తపరీక్ష చేయించమంది. మిల్లు నర్సు సలోతె రక్తం తీసింది. బ్రిస్బేన్‌లో పరీక్ష జరిగింది. పదిమందికి ఏమీ లేదని రిపోర్టొచ్చింది. నాలుగో నంబరు సీసాలో మాత్రం క్రోమోజోములు విరిగి ఉన్నాయట. ఆ సీసా మీద పేరు ముసలి పెనైయాది. వాడు చుట్టలు తాగుతాడు కాబట్టి అది చుట్టల పుణ్యమేనని మిల్లు డాక్టరు తేల్చేశాడు.

"సోమవారం తొమ్మిదింటికి తీర్పు," అన్నాడు సకియుసా. "రిపోర్టు నిలబడితే పదింటికల్లా మేం మళ్లీ సిలిండరు దగ్గరుండాలి."

"నేను సాయంత్రం పడవలో ఉండాలి," అంది వసితి, తల ఎత్తకుండానే. "'నా కొడుకు రక్తం బంగారమని ఆస్ట్రేలియావాళ్లే రాసిచ్చారు, లోపం నీలోనే ఉంది' అని మా అత్త నా చాప చుట్టి గుమ్మంలో పెట్టింది. మూడు పోయాయన్నయ్యా. మూడిటికీ నేను పేర్లు పెట్టుకున్నాను."

సకియుసా దారం చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. భార్యను వెనకేసుకు రావడానికి ఒక్క మాట కూడా రాలేదు అతని నోట. రిపోర్టును వాడూ నమ్మాడన్నమాట. నాకు ఒళ్లు మండింది.

నేను ఒకప్పుడు పోలీసునని, ఈ పదకొండుమందీ కిందటి వారం, మేం మత్తుకోసం దంచి నీళ్లలో కలుపుకొని తాగే యంగోనా వేళ్ల కట్ట నా ముందు పెట్టి సాయం అడిగారు. కట్ట అందుకున్నాక కాదనే వీల్లేదు. రిపోర్టు తప్పని తేలాలంటే సలోతెను కదిలించాలనుకున్నాను. కదిలించే లోపే, మొన్న బుధవారం ఉదయం ఆరూ ఇరవైకి, సిలిండరు పక్కన పచ్చమందు కారి నిలిచే గోతిలో సలోతె బోర్లా తేలింది. కాలు జారి పడిందని పోలీసులు రాసుకున్నారు.

ఇవాళ శుక్రవారం. మిల్లు క్లినిక్ చూసుకోవడానికి ట్రిబ్యునల్ నాకు ఒక గంట ఇచ్చింది, ఒంటిగంట నుంచి రెండింటి దాకా.

*

క్లినిక్ గుమ్మానికి అడ్డంగా వైసాలే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. మిల్లు కాపలాకి పెద్ద. అంతకుముందు పదహారేళ్లు పోలీసు. నేను స్టేషన్లో చేరిన రోజు బూట్లు ఎలా కట్టుకోవాలో నేర్పింది వీడే. అంతకంటే ముందు వీడు నా మేనమామ కొడుకు. బావలు ఎదురుపడితే ఆటపట్టించుకోవడం మా దగ్గర మర్యాద.

"రా ఎరోనీ బావా. నీ మొహం చూసి గేటు దగ్గర కుక్క కూడా మొరగలేదు. దానికీ జాలేసినట్టుంది."

"నువ్వు ఇక్కడే ఉన్నావుగా బావా, ఇంకా కుక్కెందుకనుకొని ఊరుకుంది."

పకపకా నవ్వాడు. కుర్చీ మాత్రం జరపలేదు. నేను దాటుకొని లోపలికి వెళ్లాను. వాడు వెనకే వచ్చి గోడకానుకొని నిలబడ్డాడు. కుడిచేతి పిడికిలి మీద కొత్త పట్టీ ఉంది.

"చేతికేమైంది?"

"కొబ్బరికాయ ఒలుస్తుంటే గునపం జారింది. దానికీ స్టేట్‌మెంట్ రాయనా?"

ఒకటే గది. ఒక మంచం, ఒక బల్ల, ఒక అలమర, గోడకు క్యాలెండరు, గుమ్మం పక్కన ఒక జత రబ్బరు బూట్లు. బూట్ల పైన సలోతె తన గుండ్రటి అక్షరాలతో కాగితం అంటించింది: బూట్లు లేకుండా యార్డులో అడుగు పెట్టవద్దు.

"ఆమె కాళ్లకు ఏ చెప్పులున్నాయి?" అన్నాను.

"చర్చికి వేసుకునే చెప్పులు. ఒకటి కాలికుంది, ఒకటి గోతిలో దొరికింది."

"పదమూడేళ్లు అందరినీ బూట్లు వేసుకోమని తిట్టినావిడ, ఎత్తుమడమల చెప్పులేసుకొని గోతి దాకా వెళ్లిందా?"

"ఆడవాళ్ల చెప్పుల సంగతి నాకేం తెలుసు బావా. నేను ఆఫీసులో ఉండేవాణ్ణి. ఆ గొయ్యి దరిదాపులకి కూడా పోను. ఈ మూడేళ్లలో ఒక్కసారి పోలేదు."

అలమర తెరిచాను. రక్తం పట్టే సీసాల పెట్టె ఒకటుంది. పచ్చమూతలవి. క్రోమోజోములు చూడాలంటే రక్తకణాలు బతికి ఉండాలి, దానికి ఈ పచ్చమూత సీసాలే కావాలి, మామూలు క్లినిక్ పనికి ఇవి అక్కర్లేదు. ఈ పరీక్ష కోసమే తెప్పించారు. పెట్టె మీద యాభై అని ఉంది. బల్ల మీద వరసగా పేర్చి లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది.

"మనుషులు పదకొండుమంది. ఇరవై రెండు సీసాలు ఖర్చయ్యాయి."

"పగిలుంటాయి."

"సరిగ్గా పదకొండు పగిలాయా? పన్నెండోది పగలనని మొండికేసిందా?"

వైసాలే చేతిగడియారం చూసుకొని, "ఒకటీ పదిహేను," అన్నాడు.

బల్ల సొరుగులో పనివాళ్ల ఆరోగ్యం కార్డులున్నాయి. సకియుసా కార్డు తీశాను. ఆరేళ్లుగా ఏటా లివరు పరీక్ష రాసి ఉంది. ప్రతి ఏడూ లివరు అంకె హద్దు దాటే ఉంది. ప్రతి అంకె పక్కనా సలోతె ఎర్రసిరాతో ఒకటే మాట రాసింది: యంగోనా తగ్గించు. పెనైయా కార్డులోనూ అంతే. పదకొండు కార్డులూ తిరగేశాను. పదకొండింటిలోనూ ఎర్రసిరా ఉంది. పెనైయా దాంట్లో ఒకచోట విసుగొచ్చి, 'నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ' అని కూడా రాసుకుంది.

బ్రిస్బేన్ రిపోర్టు నా సంచిలోనే ఉంది. మూడో పేజీ తీశాను. క్రోమోజోములతో పాటు వాళ్లు లివరు కూడా చూశారు. ఆ పేజీని ఇప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. పదకొండు సీసాల్లోనూ లివరు అంకె పసిపిల్లలకున్నంత తక్కువగా ఉంది.

"ఇది చూడు బావా."

వాడు చూశాడు. చూపు కార్డుల మీదికి వెళ్లి, మళ్లీ రిపోర్టు మీదికి వచ్చింది. పోలీసు బుర్ర కదా, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"మానేశారేమో," అన్నాడు.

"ఎవరు, పెనైయానా? నిన్న రాత్రి యంగోనా గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు కొబ్బరిచిప్ప వాడి దగ్గరికి రావడం రెండు నిమిషాలు ఆలస్యమైందని చప్పట్లు కొట్టి గోల చేశాడు. ఈ రక్తం వాళ్లది కాదు. జన్మలో యంగోనా ముట్టనివాళ్లది."

"ట్రిబ్యునల్లో చెప్పు. యంగోనా తాగలేదు కాబట్టి రిపోర్టు చెల్లదని. నవ్వి ఇంటికి పంపిస్తారు."

"ఎవరి రక్తమో చెప్తే నవ్వరుగా?"

వైసాలే గోడను వదిలి ముందుకొచ్చాడు. గొంతు తగ్గించాడు. ఆటలో ఉన్న గొంతు కాదది.

"ఎరోనీ, ఈ మిల్లు మూతపడితే నాలుగువందల ఇళ్లలో పొయ్యి వెలగదు. నీ పదకొండుమంది కోసం నాలుగువందల ఇళ్ల కడుపు కొడతావా? నీకు పని నేర్పినవాణ్ణి, అడుగుతున్నా. కట్ట వెనక్కిచ్చెయ్."

"తీసుకున్న కట్ట వెనక్కివ్వడం ఎక్కడైనా ఉందా? అది నువ్వు నేర్పలేదే."

"అయితే ఇంకో ముప్ఫై నిమిషాలున్నాయి. కానీ."

క్యాలెండరు దగ్గరికెళ్లాను. రక్తం తీసిన శనివారం చుట్టూ సున్నా ఉంది: ఉదయం 7, సిలిండరు షిఫ్టు. ముందురోజు శుక్రవారం గడిలో పెన్సిల్‌తో సన్నగా ఇంకో అంకె ఉంది. 5:41. పక్కన ఒక్క మాట కూడా లేదు.

"ఇదేంటి?"

"బస్సు టైమయ్యుంటుంది."

"మిల్లు ముందు బస్సు ఐదుంబావుకి, ఆ తర్వాత ఆరుంబావుకి. ఐదూ నలభై ఒకటికి బస్సు ఏ ఊళ్లో ఉంది?"

వాడు భుజాలెగరేశాడు. పోలీసులు రాసిన పంచనామా నకలు తీసి, సలోతె చేతిసంచిలో దొరికిన వస్తువుల జాబితా చదివాను. దువ్వెన, బైబిలు, ఇంటి తాళాలు, జేబురుమాలు, సగం కాలిన కర్రముక్క ఒకటి.

"కర్రముక్కెందుకు పెట్టుకుంది?"

"నర్సమ్మకు వంటచెరుకు కావాల్సొచ్చిందేమో," అని నవ్వాడు వైసాలే. నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. "రెండైంది బావా. బయటికి పద."

రెండు కావడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. అయినా బయటికే నడిచాను. కావలసింది చూసేశాను.

*

కారులో కూర్చొని ఆలోచించాను. ఈ దిక్కున యంగోనా తాగనివాళ్లెవరు? మెథడిస్టు పాస్టరుగారు ప్రసంగం కాగానే మొదటి చిప్ప తనే అందుకుంటారు. చెరకు తోటల భారతీయులు మాకంటే ఎక్కువ తాగుతారు. దుకాణాల గుజరాతీలు తలుపులేసుకొని తాగుతారు. ఇక మిగిలింది ఏటి అవతల నవెసి ఊరు. అక్కడందరూ సబ్బాతువాళ్లు. యంగోనా లేదు, చుట్ట లేదు, టీ కూడా లేదు. శుక్రవారం సూర్యుడు అస్తమించిన దగ్గర్నుంచి శనివారం అస్తమించే దాకా పని ముట్టరు, పొయ్యి రాజేయరు. సూర్యుడు ఏ నిమిషానికి మునుగుతాడో గోడమీద రాసి పెట్టుకునేది వాళ్లొక్కళ్లే.

ఐదూ నలభై ఒకటి బస్సు టైము కాదు, సూర్యాస్తమయం.

రిపోర్టు చివర బ్రిస్బేన్‌వాళ్లు రాసిన ఒక వాక్యం అప్పుడు గుర్తొచ్చింది: సీసాల్లో రక్తం మీరు రాసిన వేళ కంటే కనీసం ఒక రాత్రి పాతదిగా కనిపిస్తోంది. నిజమే మరి. పనివాళ్ల రక్తం తీసింది శనివారం ఉదయం. శనివారం నవెసిలో ఎవరూ చెయ్యి చాపరు. వాళ్ల రక్తం ముందురోజు, పొద్దుగూకేలోపే తీసేయాలి. శుభ్రమైన రక్తం కోసం వెతికి వెతికి మరీ శుభ్రమైనది పట్టుకొచ్చారు దొంగలు.

నాలుగూ యాభైకి వంతెన దాటాను. ఆ ఊరికి వెళ్లే దారీ వచ్చే దారీ ఆ ఒంటి వంతెనే.

బడి హాస్టలు వంటపాక ముందు ఒక పెద్దాయన అరటాకులు కోస్తున్నాడు. పేరు ఇలైసా. చర్చి పెద్ద. బడిపిల్లలకు వంట చేసేదీ ఆయనే. మనిషి ఎముకల గూడు. ఆయనకు యంగోనా కట్ట పెట్టలేను కాబట్టి ఒక బుట్టెడు బత్తాయిలు పెట్టాను.

"కూర్చో బాబూ. తొందరగా అడుగు. పొద్దు మునిగేలోగా రేపటి వంట కూడా దించెయ్యాలి."

"మూడు వారాల కింద శుక్రవారం సలోతె నర్సు వచ్చిందా?"

"వచ్చింది. హాస్టలు పనివాళ్లం, తోటవాళ్లం, మొత్తం పదకొండుమంది మగవాళ్లకి రక్తం తీసింది. మిల్లువాళ్లు మా ఊరికి ఉచితంగా ఆరోగ్యపరీక్ష చేయిస్తున్నారంది. ఆమెతో ఆ కాపలా పెద్దాయన కూడా వచ్చాడు, పోలీసాయన."

"వైసాలే?"

"ఆయనే. మంచివాడు. ప్రార్థనలో కూడా కూర్చున్నాడు."

"ఎవరెవరు ఇచ్చారో గుర్తుందా?"

"గుర్తెందుకు? రాసిపెట్టాను. మా చర్చిలో ఎవరు తుమ్మినా హాజరు పుస్తకంలో ఎక్కాల్సిందే." ముసలాయన చేతులు తుడుచుకొని లోపలికెళ్లి పుస్తకం తెచ్చాడు. పదకొండు పేర్లు, వరస నంబర్లు. కింద తేదీ, వేళ నాలుగూ ముప్ఫై. దాని కింద గుండ్రటి అక్షరాలతో సలోతె సంతకం.

ఈ ఒక్క కాగితం సోమవారం తొమ్మిదింటికి బల్ల మీద ఉంటే చాలు, వసితి గుమ్మంలో చుట్టిన చాప మళ్లీ పరుచుకుంటుంది. ఇలైసాను అడిగి ఆ పేజీ చింపించుకొని చొక్కా లోపల పెట్టుకున్నాను.

"సలోతె మళ్లీ వచ్చిందా పెద్దాయనా?"

"మంగళవారం సాయంత్రం వచ్చింది. మనిషి మనిషిలా లేదు. నువ్వు చుట్ట తాగుతావా అని అడిగింది నన్ను. ఈ జన్మలో తాగలేదన్నాను. మిల్లులో ఎప్పుడైనా పనిచేశావా అంది. గేటు కూడా దాటలేదన్నాను. అయితే నువ్వేం చేస్తావని అడిగింది. ఇదిగో ఈ వంటే చేస్తానని చూపించాను. పొయ్యి దగ్గర నిలబడి చూస్తూ చూస్తూ కిందే కూలబడి ఏడ్చింది, చర్చి చెప్పులు మసైపోతున్నా పట్టించుకోకుండా. ఒక కొరివి ఆర్పి సంచిలో వేసుకుంది. ఇప్పుడే వెళ్లి వాళ్లతో తేల్చుకుంటాను, పొద్దున్నే వచ్చి అంతా చెప్తానంది." ముసలాయన ఆగాడు. "పొద్దున్న ఆమె పోయిందన్న కబురొచ్చింది."

జాబితాలో నాలుగో పేరు చూడటానికి నాకు కాగితం మళ్లీ తీయాల్సిన పని లేకపోయింది. అయినా తీశాను. నాలుగు, ఇలైసా.

లేచి వంటపాకలోకి వెళ్లాను. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద డేగిసాలో కర్రపెండలం ఉడుకుతోంది. ఆ డేగిసా కింద మంట ఆకుపచ్చగా ఉంది. ఎర్రటి మంట అంచుల వెంట రాగి పచ్చదనం నాలుకలు చాపుతోంది. పక్కన గోడవారగా స్తంభాల కోతముక్కలు నీటుగా పేర్చి ఉన్నాయి, ప్రతి ముక్క చివరా లేతపచ్చ రంగు. పాకంతా పొగ. పిల్లలు ఆ పొగలోనే కంచాలు పట్టుకొని వరసగా కూర్చున్నారు. పక్క మూకుట్లో గిన్నెలు తోమే బూడిద ఉంది.

"ఈ కర్రలు ఎక్కడివి?"

"మిల్లువాళ్ల దయ," అన్నాడు ఇలైసా. "ప్రతి శుక్రవారం లారీలో ఊరికే పంపిస్తారు. భలే కర్రలు బాబూ, చెద పట్టవు."

"ఎన్నేళ్లుగా?"

"ఆరేళ్లు."

"ఎంతమంది తింటారు ఇక్కడ?"

"అరవై రెండుమంది పిల్లలు."

బిందెడు నీళ్లు తీసుకొని పొయ్యిలో గుమ్మరించాను. బుస్సుమంది. పిల్లలు ఉలిక్కిపడి లేచారు. ఇలైసా నా చెయ్యి పట్టుకున్నాడు. ఎముకలే అయినా పట్టు గట్టిగానే ఉంది.

"ఏం పని చేశావయ్యా? పొద్దుగూకడానికి ఇరవై నిమిషాలే ఉంది. మళ్లీ పొయ్యి రాజేస్తే రేపు సాయంత్రమే. అరవై రెండుమంది రేపంతా పస్తుండాలా?"

"ఉండాలి పెద్దాయనా. పస్తుంటేనే నయం."

"ఎందుకు? నా రక్తంలో ఏముంది? నాలుగో నంబరుకి ఏమొచ్చింది?"

ఆయన్ని మళ్లీ తేరిపార చూశాను. మిల్లులో అడుగుపెట్టని మనిషి, చుట్ట ముట్టని మనిషి, శుభ్రమైన రక్తమని వాళ్లు ఎవరి రక్తం దొంగిలించుకెళ్లారో ఆ మనిషి. ఆరేళ్లు ఈ పచ్చమందు పొగ పీల్చాడు. ఆ పొగలో వండింది తిన్నవాళ్లు ఇదిగో, కంచాలతో నా ముందున్నారు.

వంతెన మీద లారీ హారన్ మోగింది, రెండు పొట్టివి, ఒక పొడవు. పిల్లల మొహాలు వెలిగిపోయాయి.

లారీ వచ్చి నా కారు వెనకే, దారికి అడ్డంగా ఆగింది. వేరే డ్రైవరు లేడు. స్టీరింగు ముందు వైసాలే ఒక్కడే ఉన్నాడు. పిడికిలి మీద పట్టీ చెమటకి ఊడి వేలాడుతోంది. దాని కింద రెండు కణుపుల మీద పప్పుగింజంత గుండ్రటి పుళ్లు రెండు. మూడేళ్లలో ఒక్కసారి కూడా గొయ్యి దరిదాపులకు పోలేదన్నవాడి చేతికి, సిలిండరువాళ్ల 'కళ్లు'.

వాడు ఆరిన పొయ్యిని చూశాడు. నా చొక్కా లోపలికి పెట్టిన చేతిని చూశాడు. తలుపు తీసుకొని మెల్లగా కిందికి దిగాడు.

"కాగితం ఇలా ఇచ్చెయ్ బావా," అన్నాడు.

నేను పిల్లల వైపు తిరిగి ఆగమని అరిచాను. వాళ్లు వినలేదు. ప్రతి శుక్రవారం చేసే పనే కాబట్టి, కంచాలు గడ్డిలో పడేసి, పచ్చకర్రలు దించడానికి లారీ వైపు పరుగెత్తారు.